హైతీ కొండసీమ రైతాంగం

హైతీ కరిబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవికి పశ్చిమ భాగం. విస్తీర్ణం 27,750 చదరపు కిలోమీటర్లు. నేలలో నాలుగింట మూడు వంతులు కొండలే. ఎత్తైన శిఖరం లా సెల్ 2,680 మీటర్లు. మైదానాలు ఉత్తర తీరాన, అర్తిబొనీత్ లోయలో, రాజధాని పోర్టో ప్రిన్స్ వెనుక, దక్షిణాన లే కాయ్ పట్టణం చుట్టూ ప్రధానంగా ఉన్నాయి. మిగిలిన వాలుల మీద చేలు చేసుకునే రైతును క్రియోల్ భాషలో 'అబితాన్' అంటారు. ఈ రైతుల పూర్వీకులు చెరకు, కాఫీ తోటల్లో బానిసలు. తిరగబడి విముక్తులై, తోటలను వదిలి, కొండెక్కి సొంత సేద్యగాళ్ళయ్యారు. ఆ తరువాత వచ్చిన పాలకుల్లో ఎక్కువమంది వాళ్ళను తిరిగి తోటకు దించాలని చూశారు. అది చేతగానప్పుడు వాళ్ళ పంట మీద సుంకంతో ఖజానా నింపుకున్నారు.

తొలి కాలం

దీవి మూలవాసులు టైనోలు. మట్టిని గుట్టలుగా పోసి కర్రపెండలం, చిలగడదుంప పండించేవారు. 1492లో కొలంబస్ వచ్చాక కొద్ది దశాబ్దాల్లోనే అంటురోగాలు, గనుల్లో వెట్టి కలిసి ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టాయి. కర్రపెండలం రొట్టె మాత్రం నేటికీ హైతీ ఇళ్ళలో ఉంది. 1697 రిస్విక్ ఒప్పందంతో పశ్చిమ భాగం ఫ్రాన్సుకు దక్కి సెంట్ డొమింగ్ అయింది.

తోటల కాలం

మైదానాల్లో చెరకు, 18వ శతాబ్ది రెండో సగంలో కొండవాలుల మీద కాఫీ విస్తరించాయి. 1789లో ఇక్కడి నుంచి సుమారు 7.7 కోట్ల పౌన్ల కాఫీ ఎగుమతి అయింది. ప్రపంచంలో అమ్ముడయ్యే కాఫీలో దాదాపు సగం ఈ ఒక్క వలసదే. దీని వెనుక నాలుగున్నర లక్షలకు పైగా బానిసల చాకిరీ ఉంది. వాళ్ళకు తిండి పెట్టే ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు తోట అంచున, చెరకుకు పనికిరాని వాలులో, చిన్న చిన్న చెక్కలు ఇచ్చి సొంతంగా పండించుకోమనేవారు. బానిసలు ఆదివారాల్లో అక్కడ దుంపలు, అరటి, చిక్కుళ్ళు వేసుకుని, మిగిలినది సంతలో అమ్ముకునేవారు. యజమాని పిసినారితనం కోసం పుట్టిన ఈ ఏర్పాటే తరువాతి హైతీ సేద్యానికి నారుమడి అయింది. పారిపోయి అడవికొండల్లో దాక్కున్న మరూన్‌లు కూడా ఇలాగే పండించుకున్నారు.

1791 ఆగస్టులో ఉత్తర మైదానంలో తిరుగుబాటు రేగింది. 1793లో బానిసత్వం రద్దయింది. అయితే నాయకుడు తుస్సాన్ లూవెర్తూర్ దృష్టిలో స్వేచ్ఛకు ఆధారం ఎగుమతి పంట. విముక్తులను సైనిక క్రమశిక్షణతో పాత తోటల్లోనే పనిచేయించాడు. 50 కారోలకు తక్కువైన భూమి అమ్మకాన్ని 1801లో నిషేధించాడు. కారో అంటే 1.29 హెక్టార్లు, అంటే సుమారు 3.2 ఎకరాలు. సామాన్యుడు సొంత చేను కొనకుండా కట్టిన గోడ అది. గొప్ప సేనానికి తన సైనికుల మనసు అర్థం కాని చోటు ఇదే.

స్వాతంత్ర్యం, భూ పంపకం (1804–1844)

1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. 1806లో తొలి పాలకుడు దెస్సలీన్ హత్య తరువాత దేశం రెండుగా చీలింది. ఉత్తరాన క్రిస్తోఫ్ పెద్ద తోటలను నిలబెట్టి, కూలీలను కట్టడిలో ఉంచి ఖజానా నింపాడు. కోటలూ రాజభవనమూ కట్టించాడు. దక్షిణాన పెతియోన్ వేరే దారి పట్టాడు. జీతాలివ్వడానికి డబ్బు లేని ప్రభుత్వం అది. 1809 నుంచి తోటలను ముక్కలు చేసి సైనికులకు పంచింది. మామూలు సిపాయికి 5 కారోలు దక్కాయి. సేనాధిపతులకు పెద్ద తోటలే వెళ్ళాయన్నది నిజమే. అయినా అమెరికా ఖండాల్లో ఇంత ముందుగా, ఇంత విరివిగా సామాన్యులకు భూమి దక్కిన సందర్భం మరొకటి దొరకదు.

పంపకం అందనివారు ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ కొండలెక్కారు. చెట్లు కొట్టి, పొదలు కాల్చి చేలు చేసుకున్నారు. చక్కెర ఎగుమతి నామమాత్రమైంది. కాఫీ నిలిచింది. తోటల కాలం నాటి మొక్కలు నీడచెట్ల కింద అడవిలా పెరిగి ఉండగా, రైతు కుటుంబం గింజలు ఏరి ఎండబెట్టి అమ్మేది. దానికి గానుగా కూలీ దండూ అక్కరలేదు.

1825లో ఫ్రెంచి యుద్ధనౌకలు రేవులో నిలబడి ఉండగా తిరిగి ఒకటైన దేశానికి అధ్యక్షుడైన బోయే 15 కోట్ల ఫ్రాంకుల పరిహారానికి ఒప్పుకున్నాడు. బానిసలనూ తోటలనూ పోగొట్టుకున్న పాత యజమానులకు, బానిసలుగా ఉన్నవారి పిల్లలు చెల్లించవలసిన సొమ్ము అది! 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అప్పు తెచ్చి తొలి వాయిదా కట్టారు. ఆ అప్పుల గొలుసు 1947 దాకా తెగలేదు. ఆదాయం ప్రధానంగా కాఫీ ఎగుమతి సుంకం నుంచే వచ్చింది కనుక భారమంతా కొండరైతు వీపు మీదే పడింది.

సొమ్ము కోసమే బోయే 1826లో గ్రామీణ చట్టం తెచ్చాడు. ఉద్యోగమో వృత్తో లేని ప్రతివాడూ ఏదో ఒక తోటకు కట్టుబడి పనిచేయాలి. అనుమతి లేకుండా ఊరు దాటరాదు. కూలీలు సంఘంగా ఏర్పడి తోటను కౌలుకు తీసుకోరాదు. చట్టం కాగితం మీదే మిగిలింది. కొండమీది మనిషిని పట్టి తేవడానికి సరిపడా సైన్యం లేదు, ఉన్న సైనికులకూ పైన చేలున్నాయి.

1844లో దక్షిణాన రైతులు కర్రబల్లేలు పట్టుకుని లేచారు. వారిని 'పికే'లన్నారు. నాయకుడు ఝాన్ ఝాక్ అకావో తన దండుకు 'బాధితుల సేన' అని పేరు పెట్టాడు. లాక్కున్న భూములు తిరిగివ్వాలి, కాఫీకి ధర పెంచాలి, దిగుమతి సరుకుల ధర తగ్గించాలి, పిల్లలకు చదువు కావాలి. ఇవీ కోర్కెలు. తరువాతి కాలంలో ఏ పార్టీ ప్రణాళికా ఇంత సూటిగా లేదు. ఉద్యమం అణగారింది. 1846లో అకావో ఆత్మహత్య చేసుకున్నాడు.

జీవన విధానం

19వ శతాబ్దిలో రూపుదిద్దుకున్న వ్యవస్థకు కేంద్రం 'లాకూ'. పెద్దాయన ఇంటి చుట్టూ పెళ్ళయిన కొడుకుల ఇళ్ళు, మధ్యలో ఉమ్మడి వాకిలి, పక్కన పూర్వీకుల సమాధులు, కుటుంబం కొలిచే వోదూ దేవతల గుడి. ఇళ్ళు కర్రల దడికి మట్టి మెత్తినవి, గడ్డి కప్పినవి. నాగలి లేదు, పశువులతో దున్నడం లేదు. కత్తి, పార ఉంటే సేద్యం సాగుతుంది. ఒకే చేలో మొక్కజొన్న, జొన్న, చిక్కుళ్ళు, కంద, అరటి కలిపి వేస్తారు. మన దేశం నుంచి ఆఫ్రికా మీదుగా వెళ్ళిన కందికి అక్కడ 'ప్వా కొంగో' అని పేరు.

నేల తవ్వకం, కలుపు పనులకు 'కొన్‌బిట్' ఉండేది. ఇరుగుపొరుగు వరసగా నిలబడి, డప్పు మోతకు, పాట ఎత్తుగడకు పారలు ఎత్తి దించేవారు. చేను గలాయన భోజనం పెట్టేవాడు, తరువాత వాళ్ళ చేలకు తానూ వెళ్ళేవాడు. సొంత భూమి చాలనివారు 'దెమ్‌వాత్యే', అంటే సగపాలుకు చేసేవారు. పొలం మగవాళ్ళ వంతు, అమ్మకం ఆడవాళ్ళ వంతు. గంపలు నెత్తిన పెట్టుకుని, గాడిదల మీద వేసుకుని కొండ దిగి సంతలకు వెళ్ళే ఈ వర్తకురాళ్ళలో దూర పట్టణాలకు టోకు సరుకు చేరవేసేవారిని 'మదాం సారా' అంటారు. రైతుతోనూ కొనుగోలుదారుతోనూ వీరిది 'ప్రాతిక్' బంధం: వాడుకదారుకు కొసరు, కరువులో అరువు. సిడ్నీ మింట్జ్ అనే మానవశాస్త్రవేత్త 1950లలో సంతల్లో కూర్చుని దీన్ని ఓపికగా నమోదు చేశాడు. అంతకుముందే 1934లో మెల్విల్ హెర్స్‌కోవిట్స్ మిర్‌బలే ప్రాంతంలో గడిపి, 1937లో 'లైఫ్ ఇన్ ఎ హైషియన్ వ్యాలీ' ప్రచురించాడు. కాఫీ మాత్రం ఆడవారి చేతికి రాలేదు. 'స్పెక్యులేటర్' అనే లైసెన్సు దళారి కొనేవాడు. అవసరపడ్డ రైతు పూత మీదే పంట అమ్ముకునేవాడు.

ఆక్రమణ, వెట్టి

1915 నుంచి 1934 వరకు అమెరికా సైన్యం దేశాన్ని ఏలింది. 1864 నాటి గ్రామీణ చట్టంలో మూలపడి ఉన్న ఒక నిబంధనను బయటికి తీసి, రోడ్లు వేయడానికి రైతులను వెట్టికి పట్టుకుపోయింది. తాళ్ళతో కట్టి తీసుకెళ్ళిన ఉదంతాలున్నాయి. దీనితో మధ్య పీఠభూమి భగ్గుమంది. 'కాకో'లనే తిరుగుబాటు రైతు దళాలకు నాయకుడైన షార్లమేన్ పెరాల్త్‌ను 1919లో చంపి, తలుపుకు కట్టిన శవం ఫోటోను పంచిపెట్టారు. భయపెట్టడానికి చేసిన ఆ పని అతణ్ణి జాతి వీరుణ్ణి చేసింది. విదేశీయులకు భూమి హక్కు లేదన్న పాత నిషేధాన్నీ 1918 రాజ్యాంగం ఎత్తివేసింది.

ఇరవయ్యో శతాబ్ది రెండో సగం

1950 నాటి తొలి జాతీయ జనగణనలో జనాభా సుమారు 31 లక్షలు, పదిమందిలో తొమ్మిదిమంది దాకా పల్లెవాసులు. పిల్లలందరికీ సమాన వాటా అన్న వారసత్వ చట్టం వల్ల కమతాలు తరతరానికీ చిన్నవయ్యాయి. బీడు వదిలే ఏళ్ళు తగ్గాయి, వాన మట్టిని కిందికి ఈడ్చుకుపోయింది. 1956లో పెలీగ్ర్ ఆనకట్ట పూర్తయి అర్తిబొనీత్ ఎగువ లోయ మునిగినప్పుడు అక్కడి రైతులు చుట్టూ ఉన్న నిటారు వాలులకు ఎక్కారు. ఎగువ వాలుల మట్టి ఇప్పుడు ఆ జలాశయాన్నే పూడుస్తోంది.

1978లో ఆఫ్రికా పంది జ్వరం సోకింది. 1982–83లో, ముఖ్యంగా అమెరికా ఒత్తిడితో, దేశంలోని నల్ల క్రియోల్ పందులన్నింటినీ వధించారు. చెత్తాచెదారం తిని పెరిగే ఆ పంది రైతుకు బ్యాంకు: బడి ఫీజు, పెళ్ళి, చావు ఖర్చు దానితోనే. బదులుగా అమెరికాలోని అయోవా నుంచి తెచ్చిన పందులకు సిమెంటు నేల, కొన్న దాణా కావాలి. జనం వాటిని 'నాలుగు కాళ్ళ యువరాజులు' అని ఎగతాళి చేశారు. పంది పోయాక చేతికి డబ్బు తెచ్చే దారిగా కట్టెబొగ్గు బట్టీలు పెరిగాయి. దేశంలో 2 శాతం అడవే మిగిలిందన్న మాట చాలాకాలం చలామణీ అయింది. ఉపగ్రహ చిత్రాల లెక్కలు చెట్ల విస్తీర్ణం అంతకు ఎన్నో రెట్లు ఉందని తరువాత చూపాయి. దట్టమైన ఆదిమ అడవి మాత్రం నిజంగానే అత్యల్పం. 1981లో మానవశాస్త్రవేత్త జెరాల్డ్ మర్రే సూచనతో మొదలైన వనీకరణ పథకం, చెట్టు నరికే హక్కు రైతుదేనని చెప్పి ఆదరణ పొందింది.

రైతులు సంఘటితమయ్యారు కూడా: 1973లో మధ్య పీఠభూమిలో పాపాయ్ రైతు ఉద్యమం పుట్టింది. అయినా 1995లో బియ్యం దిగుమతి సుంకం 50 నుంచి 3 శాతానికి పడిపోయింది. చవక అమెరికా బియ్యం ముందుగా అర్తిబొనీత్ వరి రైతును, ఆపై కొండ జొన్ననూ మొక్కజొన్ననూ దెబ్బతీసింది.

ఇటీవలి కాలం

2010 జనవరి భూకంపం తరువాత రాజధాని నుంచి లక్షలాదిమంది సొంత కొండలకు తిరిగివచ్చారు. విత్తనాలు తిని వాళ్ళను పోషించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అదే అక్టోబరులో మిర్‌బలే దగ్గర కలరా మొదలైంది. 2016లో మాథ్యూ తుఫాను, 2021 ఆగస్టు 14న 7.2 తీవ్రతతో భూకంపం దక్షిణ ద్వీపకల్పాన్ని చితకగొట్టాయి. ఆ ప్రాంతంలోనే వట్టివేళ్ళ సాగు ఉంది. పరిమళ ద్రవ్యాలకు వాడే వట్టివేరు నూనెలో ప్రపంచానికి పెద్ద వాటా హైతీదే. పట్టుకుంటే మట్టిని కట్టిపడేసే వేరు అది, కానీ నూనె కోసం తవ్వినప్పుడు అదే వాలు వదులైపోతుంది.

2021 నడిమి నుంచి సాయుధ ముఠాలు రాజధానికి దక్షిణపు రోడ్డును చేజిక్కించుకున్నాయి. మదాం సారాలు లారీకి ఇంత అని ముడుపు కట్టి సరుకు దాటిస్తున్నారు, లేదా కొండల్లోనే కుళ్ళనిస్తున్నారు. 2025 ఆరంభంలో రాజధాని పైకొండల్లో కూరగాయలు పండించే కెన్‌స్కాఫ్ మీద, మార్చి చివరలో మిర్‌బలే మీద ముఠాలు దాడి చేశాయి.