ఐదు వేల లెక్క

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, పెద్ద అంబర్‌పేట్‌లో మా షెడ్డుకొచ్చే ప్రతి మనిషీ ఇంజన్ ఆయిల్ గురించి ఓ నెంబరు వెంట తెచ్చుకుంటాడు. ఒకాయన మూడు వేలకే మార్చేయమంటాడు. ఇంకొకాయన ఐదు వేలు దాటితే రాత్రి నిద్రపోడు. ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్‌లో కంపెనీ పుస్తకం తెరిచి, పదివేలని వేలుపెట్టి చూపిస్తున్నారు. ఆ నెంబరు వింటే వాళ్ళింటికొచ్చిన మొదటి బండి ఏదో చాలావరకు చెప్పేస్తాను. మూడు వేలంటే అంబాసిడరో, జీపో. ఐదు వేలంటే మారుతి. పదివేలవాళ్ళకు సొంత బండి ఇదే మొదటిది అయ్యుంటుంది, లేదా నాన్న మాట వినని రకం.

నేను 1980లలో రాణిగంజ్‌లో పని నేర్చుకున్నాను. మా ఉస్తాద్ లెక్క ఇంకా పాతది. ఆయన స్పానర్ పట్టిన కొత్తలో మీటర్లు మైళ్ళు చూపించేవట, రెండు వేల మైళ్ళకు ఆయిల్ దింపమని ఆయనకు నేర్పారు. అది మా దాకా వచ్చేసరికి మూడు వేల కిలోమీటర్లయింది. ఎందుకని అడిగితే ఆయన నోటితో చెప్పేరకం కాదు. గేజ్ లాగి, రెండు వేళ్ళ మధ్య ఆయిల్ రుద్ది, వాసన చూసి, ఓ చుక్క సియాసత్ పేపరు ముక్క మీద వేసేవాడు. చుక్క పలచగా, చుట్టూ సమంగా పాకితే ఇంకొన్నాళ్ళు నడుస్తుందని. నడుమ నల్లటి ముద్దగా నిలబడిపోతే ఇంజన్ సంప్ కింద తొట్టి పెట్టమని. పెట్రోలు వాసన వస్తే కార్బురేటర్ వైపు చూసేవాడు.

మూడు వేలన్నది అప్పటికి అతిజాగ్రత్త కాదు. అంబాసిడర్‌ది 1489 సీసీల పెట్రోలు ఇంజన్. 1950ల చివర ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆ బండి మొదలయ్యేనాటికే అది ఇంగ్లండులో తయారైన పాత డిజైను. చలికాలం పొద్దున్నే చోక్ లాగి స్టార్టు చేస్తే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా జారి సంప్‌లో ఆయిల్‌తో కలిసిపోయేది. గాలి ఫిల్టరంటే అడుగున ఆయిల్ పోసిన గిన్నె. ఇక ఇప్పుడు ఎన్‌హెచ్ 65 అంటున్న ఈ విజయవాడ రోడ్డు అప్పట్లో ఎన్‌హెచ్ 9. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది?

పోసే ఆయిలూ అంతంతమాత్రమే. ఆయిల్ చిక్కదనానికి నెంబర్లు పెట్టే పద్ధతి అమెరికాలో 1911లోనే మొదలైంది. కానీ మేమెరిగినవల్లా ముప్పై, నలభై రెండే. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడూ, మే నెల మధ్యాహ్నమూ అదే నలభై. చలికి పలచగా పారి, వేడికి చిక్కదనం నిలిపే 20డబ్ల్యూ-40 లాంటివి తర్వాత్తర్వాత మామూలయ్యాయి. డ్రమ్ములో లూజ్ ఆయిల్ కొలపాత్రతో పోసేవాళ్ళం. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వ కంపెనీలయ్యాయి. ఇండియన్ ఆయిల్ సర్వో 1972 నుంచే ఉంది. అయినా ఉస్తాద్ ఆ డ్రమ్మును చివరి దాకా బర్మా షెల్ అనే పిలిచాడు.

ఆయిల్ త్వరగా పాడవడానికి అసలు కారణం అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. అది బంకు నుంచే వచ్చేది. 1990ల మొదట్లో డీజిల్లో గంధకం నూటికి ఒక పాలు దాకా ఉండొచ్చని ప్రమాణం. గంధకం కాలి, నీటి ఆవిరితో కలిస్తే ఆమ్లం. దాన్ని విరిచే మందు ఆయిల్‌లో కలిపే ఉంటుంది. ఆ మందు అయిపోయిందంటే బేరింగులు తినేయడం మొదలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్లో గంధకం పది లక్షల్లో పది పాళ్ళు మించకూడదు. అంటే ఆ పాతదాంట్లో వెయ్యో వంతు. పెట్రోలుది ఇంకో కథ. దాంట్లో సీసం ఉండేది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా ఆపేశారు. మధ్యలో ఓ విచిత్రం జరిగింది. 2010లో బీఎస్-4 ఇంధనం హైదరాబాద్‌తో కలిపి పదమూడు నగరాలకే ఇచ్చారు. కొన్నేళ్ళపాటు అదే డీసీఎం ఎల్బీ నగర్‌లో కొట్టిస్తే ఒక డీజిలు, సూర్యాపేటలో కొట్టిస్తే గంధకం ఎక్కువున్న మరో డీజిలు. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఆ డ్రైవరుకు ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. సంప్‌లో మూడు లీటర్లు కూడా పట్టని చిన్న ఇంజన్. అంబాసిడర్‌కు పోసీ పోసీ అలవాటైన చేతికి ఆ డబ్బా చూస్తే నవ్వొచ్చేది. కానీ లోపలి పనితనం వేరు. రింగులు సరిగ్గా కూర్చునేవి, కాగితం ఫిల్టరు దుమ్ము ఆపేది. ఐదు వేలన్న మాట ఆ బండితోనే ఇళ్ళల్లోకి వచ్చింది. అదే రోజుల్లో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. జపాన్ ఇంజన్ అంటే ఆయిల్ ఎక్కువ రోజులు వస్తుందని డ్రైవర్లు అప్పుడే పసిగట్టారు. వాళ్ళు ఎవర్నీ అడగలేదు, గేజ్ చూసుకున్నారంతే.

కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక లెక్క మళ్ళీ మారింది. ఇప్పుడు చాలా పెట్రోలు కార్లకు కంపెనీ చెప్పేది పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆ వాక్యంలో రెండో సగం ఎవరూ చదవరు. దాని కింద చిన్న అక్షరాల్లో దుమ్ము రోడ్లూ, కొద్ది దూరాలూ, ట్రాఫిక్‌లో నిలబడి నడిపేవాళ్ళూ ఇంకా ముందే మార్చాలని ఉంటుంది. అది అసలే చదవరు.

నా గొడవంతా ఆ చిన్న అక్షరాల గురించే. మా దగ్గర ఎక్కువగా రెండు రకాల బళ్ళు ఆగుతాయి. ఒకటి ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ విమానాశ్రయానికి తిరిగే క్యాబ్. నూట యాభై ఎనిమిది కిలోమీటర్ల ఆ రింగు 2018కి పూర్తయ్యాక దానికి బ్రేకు మీద కాలు పెట్టే పనే తక్కువ. గంటకు నూరు చొప్పున వేసుకుంటే పదివేల కిలోమీటర్లంటే ఇంజన్ నడిచింది నూరు గంటలు. రెండోది రోజూ దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి పోయొచ్చే సేటు కారు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీ నగర్, కొత్తపేట, సాయంత్రమైతే ప్రతిచోటా ఆగడమే. సగటున ఇరవై కూడా పడదు. ఇరవయ్యే వేసుకున్నా అదే పదివేలకు ఐదు వందల గంటలు. మీటరు ఇద్దరికీ ఒకటే చూపిస్తుంది. ట్రాక్టరుకూ, జేసీబీకీ గంటల మీటరు పెట్టినవాళ్ళు కారుకెందుకు పెట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

క్యాబు అబ్బాయికి పదివేలే రాస్తాను. సేటుకు ఆరున్నర, ఏడు. "కంపెనీవాళ్ళకన్నా నీకెక్కువ తెలుసా అన్నా?" అంటాడు. వారంటీ ఉన్నన్నాళ్ళు పుస్తకం దాటకూడదు గానీ, ముందు మార్చుకుంటే వద్దనేవాళ్ళెవరూ లేరని చెప్తాను. మూడోరకం రిటైరైన పంతుళ్ళు. ఏడాదంతా కలిపినా మూడు వేలు తిరగదు ఆ బండి. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే గుడి వచ్చేస్తుంది, లోపల చేరిన తేమ పోదు. వాళ్ళకు కిలోమీటర్లు రాయను, తేదీ రాస్తాను.

నల్లబడింది, మార్చేయ్ అనేవాళ్ళతో ఇంకో తంటా. పాత ఆయిల్ తేటగా కనబడేదంటే మసి దిగి సంప్ అడుగున గడ్డకట్టేది కాబట్టి. ఇప్పటి ఆయిల్ మసిని తనలోనే పట్టుకుని తిరుగుతుంది. డీజిలు బండిలో అయితే కొత్తది పోసిన కొద్దిరోజులకే నల్లన. అది దాని పని. రంగు చూసి మార్చేవాడికి నేను ఆయిల్ అమ్ముతాను, కానీ ఆ మాట చెప్పే అమ్ముతాను.

దింపిన ఆయిల్ ఒకప్పుడు షెడ్డు దాటి ఎంతో దూరం పోయేది కాదు. సెంట్రింగ్ పలకలకు పూయడానికి మేస్త్రీలు డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు, చెదల కోసం వాసాలకు పూసేవాళ్ళు. వనస్థలిపురం నుంచి ఇటు లేచిన ఇళ్ళ స్లాబుల్లో చాలావాటి కింద అదే ఉంటుంది. చట్టం దాన్ని ఎప్పుడో ప్రమాదకర వ్యర్థం అంది. 2024 ఏప్రిల్ నుంచి పాత ఆయిల్ మళ్ళీ శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ అమ్మే కంపెనీల మీదే పెట్టారు. ఇప్పుడు మా డ్రమ్ము నిండితే ఆటో ట్రాలీ వచ్చి రసీదు రాసి తీసుకుపోతుంది. మేస్త్రీలు ఇంకా వస్తూనే ఉన్నారు. లేదంటే ముఖం ముడుచుకుని, పక్క షెడ్డు వైపు చూస్తారు.