మాట వెనుక కథ: జాయిన్

ఉద్యోగంలో జాయిన్ అయ్యాడంటాం, ఆసుపత్రిలో జాయిన్ చేశారంటాం. లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరిన మాట ఇది. యోగం, సంయోగం వంటి మాటలకు మూలమైన సంస్కృత 'యుజ్' ధాతువు దీనికి జ్ఞాతి.

డేటాబేసుల లోకంలో దీనికి కొత్త అర్థమిచ్చింది ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్. 1970 నాటి పరిశోధన పత్రంలో, ఉమ్మడి విలువ ఆధారంగా రెండు పట్టికలను కలపడాన్ని ఆయన జాయిన్ అన్నాడు. డేటాబేసులను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లో తొలిరోజుల్లో పట్టికల పేర్లు కామాతో రాసి, కలిపే షరతును 'వేర్' కింద పెట్టేవారు. 1992 ప్రమాణంలో జాయిన్‌కు సొంత స్థానం దక్కింది.

పట్టికను దానితోనే జాయిన్ చేయవచ్చు. రోజువారీ ధరల పట్టికలోంచి ఒక్కో సరుకు తాజా ధర కావాలనుకోండి. ముందు 'గ్రూప్ బై'తో సరుకువారీగా చివరి తేదీ తీయాలి. ఆ జాబితాను మళ్లీ అదే పట్టికతో సరుకు, తేదీ రెండూ సరిపోయేలా కలపాలి. తేదీ ఒక్కటే కలిపితే, పసుపు చివరి తేదీ 10 అయినప్పుడు, 12న కొత్త ధర పలికిన మిర్చి కూడా 10వ తేదీ పాత ధరతో వచ్చి కూర్చుంటుంది. ఒకే మార్కెట్ యార్డు ధరలు చాలనుకుంటే ఆ షరతు చివరి తేదీ తీసే లోపలి క్వెరీలోనూ ఉండాలి. ఒకే తేదీకి రెండు వరుసలుంటే రెండూ వస్తాయి. అందుకే తేదీతోపాటు సమయమూ నమోదు చేయండి.