వైజాగ్ బీచ్ రోడ్‌లో రన్నింగ్: చల్లగా ఉందనుకుంటే పొరపాటే.. షూ వేసుకునే ముందు ఇవి తెలుసుకోండి!

ఇంకా పూర్తిగా తెల్లవారదు. అప్పటికే విశాఖ ఆర్కే బీచ్ రోడ్ సందడిగా ఉంటుంది. వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లు ఒకవైపు, చెవిలో పాటలు పెట్టుకుని పరుగెత్తే ఉద్యోగులు ఇంకోవైపు, పోలీస్, డిఫెన్స్ ఉద్యోగాల ఫిజికల్ టెస్టు కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు మరోవైపు. పక్కనే సముద్రం, ముందు సాఫీ రోడ్డు. పరుగుకు ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది అనిపిస్తుంది.

నిజమే, మంచి చోటే. కానీ సముద్రం పక్కన పరుగు, ఊళ్లో గ్రౌండ్‌లో పరుగు ఒకటి కాదు. ఇక్కడి తేమ, గాలి, ఇసుక, అలలు అన్నీ శరీరం మీద పనిచేస్తాయి. చల్లగా ఉందనుకుని స్పీడ్ పెంచినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. దారి నుంచి వడదెబ్బ దాకా తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

దారి ఎక్కడి నుంచి ఎక్కడికి?

ఎక్కువ మంది పరుగెత్తేది కోస్టల్ బ్యాటరీ నుంచి వీఎంఆర్‌డీఏ పార్క్ వైపు. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని వుడా పార్క్ అనే అంటారు. ఈ ముక్క సుమారు మూడు కిలోమీటర్లు, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. దారిలో కాళీమాత గుడి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, దానికి ఎదురుగా టీయూ-142 విమాన మ్యూజియం వస్తాయి. కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో రిటైర్ అయింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం కూడా ఈ రోడ్డు మీదే ఉంది. రోజూ వచ్చేవాళ్లు కిలోమీటర్ రాళ్లు చూడరు. 'సబ్‌మెరైన్ దాకా', 'పార్క్ హోటల్ దాకా' అని వీటితోనే దూరం లెక్కేసుకుంటారు.

ఇంకా ముందుకెళ్తే పెదజాలారిపేట, లాసన్స్ బే దాటి తెన్నేటి పార్క్ వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది. కైలాసగిరి కొండ పక్కన సాగే ఈ భాగంలో కాళ్లు బరువెక్కడం ఖాయం. ఆ తర్వాత జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ. ఇదే రోడ్డు భీమిలి వరకు వెళ్తుంది. మొత్తం దూరం దాదాపు 30 కిలోమీటర్లు. 2025 జూన్ 21న యోగా డే కోసం లక్షల మంది కూర్చున్నది ఈ ఆర్కే బీచ్, భీమిలి రోడ్డు మీదే.

ఉదయం కొద్దిసేపు ఆర్కే బీచ్ భాగంలో వాహనాలు ఆపేయడం రన్నర్లకు పెద్ద ప్లస్. బారికేడ్లు తీసేశాక మాత్రం రోడ్డు బండ్లదే. అప్పుడు ఫుట్‌పాత్ ఎక్కాలి. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి. చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటే తీసేయాలి.

ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

విశాఖ తూర్పు తీరం. ఎండ ముందుగా పడేది ఇక్కడే. మే చివర్లో ఐదుంబావు దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు. జనవరిలో ఆరున్నర దాకా ఆగుతాడు. అంటే ఎండాకాలంలో ఆరున్నరకు బయల్దేరితే, అప్పటికి గంటకు పైగా ఎండ పడి ఉన్నట్టే. సముద్రం వైపు చెట్ల నీడ దొరకడం కష్టం. నీళ్ల మీద పడిన వెలుగు కూడా కళ్లలో కొడుతుంది. టోపీ తప్పనిసరి.

మార్చి నుంచి జూన్ దాకా పరుగు సూర్యోదయానికే సగం పూర్తయ్యేలా చూసుకోవాలి. చీకట్లో పరుగెత్తేవాళ్లు లేత రంగు బట్టలు వేసుకోవాలి.

చల్లగాలి చేసే మోసం

సముద్రం నుంచి చల్లగాలి వచ్చేది తెల్లవారుజామున అని చాలామంది అనుకుంటారు. నిజానికి రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. అందుకే తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఎండెక్కి నేల వేడెక్కాకే సముద్రపు గాలి తిరుగుతుంది. అప్పటికి చాలామంది ఇంటికి వెళ్లిపోతారు.

పైగా రోజు మొత్తంలో గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది సూర్యోదయం వేళే. పరుగులో ఒంట్లో పుట్టిన వేడి బయటకు పోవాలంటే చెమట ఆరాలి. చెమట కారిపోతే లాభం లేదు, ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ ఎక్కువైతే అది ఆరదు. టీషర్టు పిండితే నీళ్లు కారుతుంటాయి, లోపల వేడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఉక్కపోతలో రోజూ పరుగెత్తే స్పీడ్‌కే గుండె ఎక్కువ కొట్టుకునేది అందుకే.

అందుకే ఇక్కడ వాచ్‌లో స్పీడ్ కన్నా ఊపిరిని నమ్ముకోవడం మేలు. పక్కవాళ్లతో ఒక పూర్తి మాట మాట్లాడగలిగితే స్పీడ్ సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించాలి. హైదరాబాద్ లాంటి పొడి వాతావరణం నుంచి వచ్చినవాళ్లకు శరీరం ఇక్కడికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. వచ్చిన మర్నాడే పాత స్పీడ్ ట్రై చేయొద్దు.

ఎదురుగాలి మంచిదా? వెనకగాలి మంచిదా?

ఎండాకాలంలో ఇక్కడ నైరుతి గాలి ఎక్కువ. తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. కాబట్టి రుషికొండ వైపు వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. హాయిగా ఉందని దూరం వెళ్లిపోతారు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది, అప్పటికే ఒంట్లో సత్తువ అయిపోతుంది.

ఇంకో సంగతి. గాలి మనతో పాటే వస్తుంటే ఒంటికి గాలి తగలనట్టే ఉంటుంది, చెమట ఇంకా ఆరదు. గాలి గట్టిగా ఉన్న రోజు ముందు ఎదురుగాలికి వెళ్లి, వెనకగాలితో తిరిగి రావడం తేలిక. ఆ తిరుగు పరుగులో స్పీడ్ పెంచకుండా ఉంటే చాలు.

రోడ్డు మీదా? ఇసుకలోనా?

మెత్తటి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. మోకాళ్లకు దెబ్బ తక్కువే, కానీ పిక్కలు, మడమ పైన ఉండే నరం మీద భారం ఎక్కువ. కొత్తవాళ్లు ఇసుకలో ఐదు, పది నిమిషాలతో మొదలుపెట్టాలి.

నీటి అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఉత్తరం వైపు వెళ్తే కుడికాలు పల్లంలో పడుతుంది. ఒకే వైపు ఎక్కువ దూరం వెళ్తే నడుము, మోకాలు పట్టేస్తాయి. ఎంత దూరం వెళ్లారో అదే వాలు మీద అంతే దూరం తిరిగొస్తే రెండు కాళ్లకూ భారం సమానమవుతుంది. చెప్పులు లేకుండా పరుగెత్తేవాళ్లు గాజు పెంకులు, వలల తాళ్లు చూసుకోవాలి. జాలర్లు వల లాగుతున్న చోట పక్కకు తప్పుకుని వెళ్లడం మర్యాద కూడా.

ఇసుక వెడల్పు ఏడాదంతా ఒకేలా ఉండదు. ఈ తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ గోడలు ఆ కదలికకు అడ్డం. అందుకే డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. నిన్న పరుగెత్తిన చోటు ఇవాళ నీళ్లలో ఉండొచ్చు.

నీళ్లు ఎంత తాగాలి?

అరగంట పరుగుకు బయల్దేరే ముందు ఒక గ్లాసు, వచ్చాక దాహం తీరేంత చాలు. గంట దాటితే నీళ్లతో పాటు ఉప్పు కూడా కావాలి. ఓఆర్ఎస్, లేదంటే ఉప్పేసిన మజ్జిగ. కొబ్బరి బొండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అదొక్కటే సరిపోదు. దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్తి నీళ్లు తాగేస్తే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఉప్పు విషయంలో, పరుగు విషయంలో డాక్టర్‌ను అడిగాకే ముందుకెళ్లాలి.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆగాలి

తల తిరగడం, వికారం, ఎండలోనూ ఒళ్లు జలదరించడం.. ఇవి మొదటి హెచ్చరికలు. అక్కడే ఆగి నీడకు వెళ్లాలి. మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా వడదెబ్బగానే చూడాలి. 'చెమట పడుతోంది కదా, ఏం కాదు' అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు.

108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే చూస్తూ ఉండొద్దు. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డ లేదా ఐస్ పెట్టాలి. పూర్తి స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఒంటరిగా వచ్చేవాళ్లు జేబులో ఇంటి నంబర్ రాసిన చీటీ పెట్టుకోవాలి.

పరుగు అయ్యాక సముద్రంలోకి?

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఒళ్లు వేడిగా ఉంది, ఒక్క మునక వేద్దాం అనుకుంటారు. ఆర్కే బీచ్ స్నానాలకు ప్రమాదకరమైన చోటు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సందే చాలాసార్లు ఆ ప్రవాహం ఉన్న చోటు. అలసిన కాళ్లకు దాన్ని తట్టుకునే బలం ఉండదు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, ప్రవాహం దాటాక బయటకు రావాలి. అసలు దిగకపోవడమే మంచిది.

కొత్తవాళ్లు ఎలా మొదలుపెట్టాలి?

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రండి. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. మొత్తం అరగంట మించొద్దు. తర్వాత నడక తగ్గిస్తూ రావాలి. ఆరోగ్యం కోసమైతే వారానికి 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిజికల్ టెస్టుకు ప్రిపేర్ అయ్యేవాళ్లు రోజూ ఫుల్ స్పీడ్‌లో 1600 మీటర్లు కొట్టొద్దు. వారానికి రెండు రోజులు స్పీడ్, మిగతా రోజులు మెల్లగా పరుగు, ఒక రోజు రెస్ట్.

మారథాన్ కోరిక ఉన్నవాళ్లకూ ఇదే రోడ్డు. నేవీ నిర్వహించే వైజాగ్ మారథాన్ ఆర్కే బీచ్ నుంచే మొదలవుతుంది. 5, 10 కిలోమీటర్ల నుంచి 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్ దాకా ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో అది నవంబర్, డిసెంబర్‌లో జరుగుతోంది. అంటే దానికి సిద్ధమవ్వాల్సింది ఆగస్టు, సెప్టెంబర్ ఉక్కపోతలోనే. ఆ నెలల్లో స్పీడ్ తగ్గిందని దిగులు పడక్కర్లేదు. చలిగాలి మొదలయ్యాక అదే కష్టం కాళ్లలో తెలుస్తుంది.