మన చేనుని చూసిన మన కన్ను

హైదరాబాదుకు దక్షిణాన, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో షాద్‌నగర్ ఉంది. 1979లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అక్కడ ఉపగ్రహ చిత్రాలను అందుకునే యాంటెనా నిలబెట్టింది. చిత్రాల్లోని చెరువులూ చేలూ మనవి. తీసేది మాత్రం అమెరికావారి లాండ్‌శాట్. మన నేలను మనం చూసుకోవడానికి వాళ్ళకు ఏటా రుసుము కట్టేవాళ్ళం.

ఆ ఏడే జూన్ 7న మన భాస్కర-1 సోవియట్ రాకెట్ మీద పైకెళ్ళింది. దాని చూపుకి కిలోమీటరు కన్నా చిన్నవి సరిగా ఆనేవి కావు. అయినా పని నేర్పింది.

1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఐ.ఆర్.ఎస్-1ఎ బయలుదేరింది. రాకెట్ అప్పటికీ సోవియట్‌వారిదే, కన్ను మాత్రం మనది. 904 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 22 రోజులకొకసారి అదే చోటిని చూసేది. దాని మెరుగైన కెమెరాలో ఒక చుక్క అంటే నేలమీద ఎకరంలో మూడో వంతు. పరారుణ కాంతిని కలిపి తయారుచేసిన చిత్రంలో ఏపుగా పెరిగిన పైరు ఎర్రగా కనిపిస్తుంది. పంటల అంచనాకూ, భూగర్భజలాల పటాలకూ అవి అక్కరకొచ్చాయి. మూడేళ్ళు పనిచేస్తే చాలనుకున్నది 1996 జులై దాకా, ఎనిమిదేళ్ళకు పైగా పనిచేసింది.

1995 డిసెంబరు 28న వెళ్ళిన ఐ.ఆర్.ఎస్-1సి చూపు 5.8 మీటర్లు, అప్పటి లాండ్‌శాట్‌ది 30. ఆ చిత్రాలను ఓక్లహోమాలోని నార్మన్‌లో ఒక అమెరికన్ కంపెనీ అందుకుని అమ్మింది. రుసుము కట్టిన చెయ్యే పుచ్చుకునే చెయ్యి అయింది.

మన పిల్లలకు చంద్రయానం గురించి చెబుతాం, మంచిదే. చంద్రుడికన్నా ముందు మన చేనువైపు చూసిన ఈ కన్ను కథ కూడా చెబుదాం.