ఆగస్టు 25: హైదరాబాద్ జంట పేలుళ్ల మృతుల సంస్మరణ

హైదరాబాద్ నగర చరిత్రలో 2007 ఆగస్టు 25 మరువరాని విషాద దినం. ఆ శనివారం రాత్రి ఏడున్నర దాటిన కొద్దిసేపటికి, హుస్సేన్ సాగర్ తీరాన గల లుంబినీ పార్కు ఆరుబయలు ప్రేక్షకశాలలో లేజర్ ప్రదర్శన సమయాన తొలి బాంబు పేలింది. నిమిషాల వ్యవధిలో కోఠీలోని గోకుల్ చాట్ వద్ద రెండో పేలుడు సంభవించింది. ఈ రెండు ఘటనలలో కనీసం 42 మంది అసువులు బాసారు. పదుల సంఖ్యలో క్షతగాత్రులయ్యారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అమర్చిన మరో బాంబును పేలకముందే కనుగొని నిర్వీర్యం చేయడంతో మరింత ప్రాణనష్టం తప్పింది.

వారాంతపు సాయంత్రం వినోదం కోసం వచ్చిన కుటుంబాలు, కోఠీలో పనులు ముగించుకొని అల్పాహారానికి ఆగినవారు, మహారాష్ట్ర నుంచి విద్యాయాత్రపై వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు మృతులలో ఉన్నారు. వీరికి ఎవరితోనూ వైరం లేదు. ఆ సమయానికి అక్కడ ఉండటమే వారి పాలిట మృత్యువైంది.

న్యాయ ప్రక్రియ

ఈ కేసు విచారణ చివరి దశలో చర్లపల్లి కేంద్ర కారాగార ఆవరణలో సాగింది. 2018 సెప్టెంబరు 4న న్యాయస్థానం ఇద్దరిని దోషులుగా నిర్ధారించి, సెప్టెంబరు 10న వారికి మరణశిక్ష విధించింది. దోషులకు ఆశ్రయమిచ్చిన మరొకరికి యావజ్జీవ కారాగార శిక్ష పడింది. మరో ఇద్దరు నిర్దోషులుగా విడుదలయ్యారు. తీర్పు కోసం బాధిత కుటుంబాలు పదకొండేళ్లకు పైగా నిరీక్షించవలసి వచ్చింది.

వేర్వేరు ఘటనలు

నగరంలో జరిగిన పేలుళ్లను ఒకదానితో ఒకటి కలిపి పేర్కొనడం తరచు కనిపిస్తున్నది. 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడులో తొమ్మిది మంది, తదనంతరం పోలీసు కాల్పులలో ఐదుగురు మరణించారు. ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురు నిందితులను 2018 ఏప్రిల్ 16న న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లలో కనీసం 17 మంది మృతి చెందారు. ఆ కేసులో ఐదుగురికి 2016లో విధించిన మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న ఖరారు చేసింది. ఈ మూడూ వేర్వేరు కేసులు. ఒక కేసు తీర్పును మరొక ఘటన బాధితులకు ఆపాదించరాదు.

బాధితులకు సహాయం

ఉగ్రవాద హింసకు గురైన పౌరుల కుటుంబాలకు ఆర్థిక సహాయం అందించే కేంద్ర పథకం 2008 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. తొలుత 3 లక్షల రూపాయలుగా ఉన్న సహాయాన్ని 2016లో 5 లక్షలకు పెంచారు. మరణించిన వారి కుటుంబాలతోపాటు, 50 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం పొందినవారికీ ఇది వర్తిస్తుంది. 2007 ఘటన ఈ తేదీకి ముందటిది కావడం గమనార్హం. పరిహారం ఒకసారి ముట్టినా, కాలో చెయ్యో కోల్పోయినవారి చికిత్స, ఉపాధి అవసరాలు జీవితాంతం కొనసాగుతాయి. పాత ఘటనల క్షతగాత్రుల నుంచి వచ్చే అర్జీలను ఈ దృష్టితో పరిశీలించడం అధికారుల బాధ్యత.

సంస్మరణ దినాలు

మన దేశంలో మే 21న ఉగ్రవాద వ్యతిరేక దినం పాటిస్తూ ప్రభుత్వ కార్యాలయాలలో ప్రతిజ్ఞ చేయడం ఆనవాయితీ. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఉగ్రవాద బాధితుల సంస్మరణ దినం ఆగస్టు 21. 2018 నుంచి దీనిని పాటిస్తున్నారు. నాలుగు రోజుల తేడాతో వచ్చే ఆగస్టు 25 హైదరాబాద్‌కు సొంతమైన సంస్మరణ దినం.

పాత్రికేయ మిత్రులు ఈ సందర్భంగా వార్తలు అందించేటప్పుడు మృతదేహాల ఛాయాచిత్రాలను పునర్ముద్రించరాదని, కుటుంబసభ్యుల సమ్మతి లేకుండా వారి వివరాలు వెల్లడించరాదని మనవి. దోషుల పేర్లు ఏటా పత్రికలకెక్కుతున్నాయి. మృతుల కుటుంబాలు, వైకల్యంతో జీవిస్తున్నవారు ఎలా ఉన్నారన్నది కూడా అంతే శ్రద్ధతో నమోదైనప్పుడే నివాళి సార్థకమవుతుంది.