భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ భారతదేశంలో బాలబాలికలకు, యువతీయువకులకు స్కౌటింగ్, గైడింగ్ శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ. 1950 నవంబరు 7న ఏర్పడిన ఈ సంస్థ ప్రభుత్వ శాఖ కాదు. రాజకీయ పక్షాలతో గాని, ఏ ఒక్క మతంతో గాని సంబంధం లేని స్వచ్ఛంద సంస్థ. దీని ప్రధాన కార్యాలయం క్రొత్త ఢిల్లీలోని లక్ష్మీ మజుందార్ భవన్‌లో ఉన్నది. పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుంచి 2016లో విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఈ సంస్థ ఎక్కువగా పాఠశాలల ద్వారానే పనిచేస్తున్నది. మెడలో స్కార్ఫుతో జెండా పండుగనాడు కవాతు చేసే పిల్లలుగానే వీరు చాలామందికి తెలుసు. కాని కవాతు వీరి శిక్షణలో చిన్న భాగం మాత్రమే.

చరిత్ర

దక్షిణాఫ్రికాలో జరిగిన మెఫెకింగ్ ముట్టడి (1899-1900) సమయంలో వార్తలు చేరవేసే పనిని బాలురు చక్కగా నిర్వహించటం ఆంగ్ల సైన్యాధికారి బేడెన్ పావెల్ గమనించాడు. 1907 ఆగస్టులో ఇంగ్లాండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో ఆయన నిర్వహించిన శిబిరాన్ని స్కౌట్ ఉద్యమానికి ఆరంభంగా పరిగణిస్తారు. బాలికల కొరకు గైడ్ ఉద్యమం 1910లో మొదలైంది.

భారతదేశంలో తొలి స్కౌట్ దళం 1909లో కెప్టెన్ బేకర్ ఆధ్వర్యంలో బెంగుళూరులో ఏర్పడింది. తొలి గైడ్ దళం 1911లో జబల్‌పూర్‌లో ప్రారంభమైంది. అయితే ఈ దళాలలో ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే ప్రవేశం ఉండేది. భారతీయ బాలురకు తలుపులు మూసి ఉండటంతో మన పెద్దలు తమ పిల్లల కొరకు వేరుగా దళాలు ఏర్పరచుకోవలసి వచ్చింది. శ్రీరామ్ బాజ్‌పాయ్ షాజహాన్‌పూర్‌లో 1913లో ఒక దళాన్ని నెలకొల్పాడు. మద్రాసులో అనీబిసెంట్, జార్జ్ అరండేల్ 1916లో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజ్‌పాయ్‌ల కృషితో సేవాసమితి స్కౌట్ అసోసియేషన్ వెలసింది.

1921లో బేడెన్ పావెల్ భారతదేశానికి వచ్చినపుడు ఈ సంఘాలను ఏకం చేసే ప్రయత్నం జరిగింది. అనీబిసెంట్ సంఘం ఐక్య సంస్థలో చేరింది గాని సేవాసమితి మాత్రం చేరలేదు. తరువాత 1937లో ఢిల్లీలో జరిగిన జాంబోరీకి కూడా బేడెన్ పావెల్ హాజరైనాడు. ఆ పర్యటన తరువాత ఆయన భారతీయుల శీలం గురించి చేసిన వ్యాఖ్యలు తీవ్ర దుమారం లేపాయి. ఆంగ్లంలోని ‘ఆనర్’ అనే మాటకు భారతీయ భాషలలో సమానపదమే లేదని ఆయన అన్నట్లు పత్రికలలో రావటంతో ఎందరో మాతృసంస్థను విడిచిపెట్టారు. 1938లో హిందూస్తాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. స్కౌటు చేసే ప్రతిజ్ఞ తన గౌరవం మీద చేసే ప్రమాణమే అని గుర్తుంచుకుంటే ఆ మాట ఎందుకంత గుచ్చుకున్నదో అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఒకే పని చేసే సంఘాలు పలుచోట్ల పోటీపడుతూ ఉండేవి. సంస్థానాలలోని సంఘాలు వీటికి అదనం. అప్పటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్, విద్యాశాఖ కార్యదర్శి తారాచంద్ చొరవతో సంప్రదింపులు జరిగి 1950 నవంబరు 7న స్కౌట్ సంఘాలు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా విలీనమయ్యాయి. గర్ల్ గైడ్స్ అసోసియేషన్ 1951 ఆగస్టు 15న ఇందులో కలిసింది. కుంజ్రూ తొలి జాతీయ కమిషనర్ అయ్యాడు. బాలురకు, బాలికలకు రెండు సంస్థలు కాకుండా ఒకే సంస్థ ఉండటం, స్కౌట్ల ప్రపంచ సంస్థలోనూ గైడ్ల ప్రపంచ సంస్థలోనూ దానికి సభ్యత్వం ఉండటం అన్ని దేశాలలో కనిపించేది కాదు. జాతీయ శిక్షణా కేంద్రం 1956లో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఏర్పాటైంది.

విలీనం తరువాత తొలి జాతీయ జాంబోరీకి వేదిక హైదరాబాదు (1953). హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి ఐదేళ్ళు మాత్రమే. గద్వాల, వనపర్తి సంస్థానాలు రద్దయి మహబూబ్ నగర్ జిల్లాలో అంతర్భాగమైన కాలం కూడా అదే.

శిక్షణ విధానం

పదేళ్ళలోపు బాలురు కబ్‌లు, బాలికలు బుల్‌బుల్‌లు. పదేళ్ళు దాటినవారు స్కౌట్లు, గైడ్లు. కళాశాల వయసువారు, 25 సంవత్సరాల వరకు, రోవర్లు, రేంజర్లు. ఆరుగురు నుంచి ఎనిమిదిమంది వరకు సభ్యులు గల చిన్న జట్టును పెట్రోల్ అంటారు. ఇదే ఈ విధానానికి ఆయువుపట్టు. జట్టుకు నాయకుడు ఉపాధ్యాయుడు కాదు, వారిలోనే ఒక విద్యార్థి. వంట సరుకులు తేవటం నుంచి గుడారం ఎక్కడ వేయాలన్న నిర్ణయం వరకు పిల్లలే చూసుకోవాలి. స్కౌట్ మాస్టరు అడిగితే చెప్పాలి, అవసరమైతే ఆపాలి.

ప్రవేశ్‌తో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటినవారు రాజ్య పురస్కార్‌కు, ఆపై రాష్ట్రపతి పురస్కారానికి అర్హులౌతారు. తాళ్ళ ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి చూసి పటం చదవటం, ఆరుబయట వంట, విజిల్ సంకేతాలు, వెదురు బొంగులను తాళ్ళతో కట్టి తాత్కాలిక వంతెనలు నిర్మించటం నేర్పుతారు. బి.పి. వ్యాయామాలు ఆరు. స్కౌట్లు ఎడమచేతితో కరచాలనం చేస్తారు, మూడు వేళ్ళతో వందనం చేస్తారు. స్కౌట్ నియమాలు తొమ్మిది. పొదుపు, ధైర్యం, జంతువులపట్ల ప్రేమ వంటి వాటితోపాటు ప్రభుత్వ ఆస్తుల రక్షణకూడా వాటిలో ఉన్నది. ప్రతిజ్ఞలో ‘దేవుడు’ అనే మాటకు బదులు ‘ధర్మం’ అని చెప్పుకొనే వీలు ఉన్నది.

దళాన్ని నడిపే ఉపాధ్యాయులకు బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జ్ శిక్షణ ఉంటాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో

2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత రాష్ట్ర శాఖ వేరుపడింది. 2015లో కల్వకుంట్ల కవిత తెలంగాణ చీఫ్ కమిషనర్‌గా ఎన్నికయ్యారు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మహబూబ్ నగర్‌లో కేంద్రీకృతమైన పని క్రొత్త జిల్లా కేంద్రాలకు చేరవలసి వచ్చింది. అలంపూర్ నుంచి గాని అమ్రాబాద్ నుంచి గాని మహబూబ్ నగర్‌కు పిల్లలను పరీక్షా శిబిరానికి తీసుకువెళ్ళటం అంటే రోజంతా ప్రయాణమే. ఆ మేరకు జిల్లాల విభజన మేలు చేసేదే.

సంస్థ నిర్మాణంలో ఒక విశేషం ఈ ప్రాంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. రైల్వే మండలాలను, కేంద్రీయ విద్యాలయ సంఘటనను, నవోదయ విద్యాలయ సమితిని సంస్థ వేర్వేరు ‘రాష్ట్రాలు’గా లెక్కిస్తుంది. కనుక గద్వాల ప్రభుత్వ పాఠశాలలోని స్కౌటు తెలంగాణ రాష్ట్ర శాఖకు, బిజినాపల్లి మండలం వట్టెం నవోదయ విద్యాలయంలోని స్కౌటు నవోదయ శాఖకు, గద్వాల జంక్షన్‌లో పనిచేసే రైల్వే ఉద్యోగి పిల్లవాడు రైల్వే దళంలో చేరితే దక్షిణ మధ్య రైల్వే శాఖకు చెందుతారు. ఒకే ప్రాంతపు పిల్లలు ముగ్గురూ జాతీయ జాంబోరీలో మూడు ‘రాష్ట్రాల’ గుడారాలలో దిగుతారన్నమాట. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలుమార్గమే లేదు.

ఇవి రెండు నదుల నడుమ, నదుల ఒడ్డున ఉన్న జిల్లాలు. కృష్ణా పుష్కరాలకు (2004, 2016) బీచుపల్లి, రంగాపూర్, సోమశిల ఘాట్‌లకు, తుంగభద్ర పుష్కరాలకు (2020) అలంపూర్‌కు యాత్రికులు వచ్చారు. పుష్కరాలలో, జాతరలలో వృద్ధులకు దారి చూపటం, మంచినీరు అందించటం, తప్పిపోయిన పిల్లలను శిబిరానికి చేర్చటం స్కౌట్లకు ఆనవాయితీగా వస్తున్న పనులు. 2009 అక్టోబరు మొదటివారంలో వచ్చిన వరదలలో అలంపూర్ మునిగిపోయింది. ఇటువంటి చోట తాడు విసరటం, ముడి వేయటం, నీట మునిగినవానికి శ్వాస అందించటం పరీక్షలో మార్కుల కొరకు నేర్చే విద్యలు కావు.

అయితే ఈ విద్య అందరికీ అందటం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం లోపే. తెలంగాణ జిల్లాలన్నిటిలో ఇదే అట్టడుగు. పాలమూరు వలసల సంగతి చెప్పనక్కరలేదు. గద్వాల ప్రాంతంలోని పత్తి విత్తన క్షేత్రాలలో క్రాసింగ్ పనుల కాలంలో పిల్లలు బడి మానటం ఎన్నో ఏళ్ళుగా చర్చలో ఉన్న విషయం. స్కౌటింగ్ బడిలో నడుస్తుంది కనుక బడికి రాని పిల్లవానికి దళం లేదు. వచ్చేవానికి కూడా యూనిఫారం, శిబిరపు ఖర్చు భారమే. అన్నిటికీ మించి దళం ఒక ఉపాధ్యాయుని శ్రద్ధమీద నిలుస్తుంది. శిక్షణ పొందిన స్కౌట్ మాస్టరు బదిలీ అయిపోతే సోపానాల మధ్యలో ఉన్న పిల్లలు అక్కడే ఆగిపోతారు.

ఆగిపోతే నష్టం పతకంతో పోదు. రైల్వేలు స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటాలో కొద్దిపాటి ఉద్యోగాలకు ప్రకటనలు ఇస్తుంటాయి. రాష్ట్రపతి పురస్కారం లేదా హిమాలయ వుడ్ బ్యాడ్జ్, ఐదేళ్ళ క్రియాశీల సభ్యత్వం, జాతీయ స్థాయిలోనూ రాష్ట్ర స్థాయిలోనూ రెండేసి కార్యక్రమాలలో పాల్గొన్నట్లు పత్రాలు ఉండాలి. పదో తరగతిలో చేరినవాడు కాదు, ఆరో తరగతి నుంచి విడవకుండా కొనసాగినవాడే ఈ అర్హతకు దగ్గరగా చేరగలడు.

ఇతర సంస్థలు

రక్షణ శాఖ ఆధీనంలోని ఎన్.సి.సి. (1948), కళాశాలలలో నడిచే జాతీయ సేవా పథకం (1969) దీనికి భిన్నమైనవి. 1990 దశకం చివరలో రూపొందిన హిందూస్తాన్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా వేరే సంస్థ. పేర్ల పోలికవల్ల ధ్రువపత్రాల విషయంలో తికమక ఏర్పడుతున్నది కనుక ఉద్యోగ ప్రకటనలలో ఏ సంస్థ పత్రాన్ని కోరారో చూసుకోవలసి ఉంటుంది.