శాసనములందలి ఴకారము - యూనికోడు స్థానము

కరీంనగర్ జిల్లా గంగాధర మండలములోని కురిక్యాలకు సమీపమున బొమ్మలగుట్ట యను కొండ కలదు. అచట చక్రేశ్వరీ ప్రతిమ క్రింద క్రీ.శ. 945 ప్రాంతమున చెక్కబడిన శాసనము సుప్రసిద్ధము. దానిని వేయించిన జినవల్లభుడు, వేములవాడ చాళుక్యుడగు రెండవ అరికేసరి ఆస్థానకవియైన పంపనికి సోదరుడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును అందు గలవు. తెలుగు భాగమందలి మూడు కందపద్యములు నన్నయకు దాదాపు శతాబ్దికి పూర్వపువి యగుటచే సాహిత్యచరిత్రలో వానికి విశిష్టస్థానము లభించినది. ప్రస్తుతము మనకు కావలసినది లిపి విషయము.

మూడు భాషలకును చెక్కరి వాడినది ఒక్క లిపియే. నాటికి తెలుగు కన్నడ లిపులు వేఱుపడలేదు. యూనికోడు పద్ధతిలోనైతే, దశాంశ గణనమున, తెలుగునకు 3072 మొదలుకొని, కన్నడమునకు 3200 మొదలుకొని 128 చొప్పున స్థానములు కేటాయింపబడినవి. కావున ఒకే చేయి చెక్కిన ‘క’ తెలుగు భాగమున 3093గను, కన్నడ భాగమున 3221గను మాఱును. ఈ చిక్కును తప్పించుటకు శాసనమంతయు తెలుగు అక్షరములలోనే ఎక్కింపవచ్చును. కాని పదవ శతాబ్ది కన్నడమున సజీవముగా నున్న ఴకారమును వ్రాయుటకు తెలుగు పట్టికలో 2014 వఱకు స్థానమే లేకుండెను.

ఈ ఴకారము కన్నడమునకు మాత్రమే చెందినది కాదు. రేనాటి చోడుల నాటి తెలుగు శాసనములలో ఇది కానవచ్చును. తమిళ మలయాళములు దీనిని నేటికిని నిలుపుకొన్నవి. తెలుగులో ఇది నన్నయకు ముందే లుప్తమై, పెక్కుచోట్ల డకారముగా పరిణమించినది. తమిళమున ఏఴు, కోఴి. తెలుగున ఏడు, కోడి. హల్లుతో కూడినపుడు రేఫమైనది. తమిళ ‘కీఴ్’, మన ‘క్రింద’ ఇందుకు నిదర్శనములు.

భారతీయ లిపుల యూనికోడు పట్టికలు 1988 నాటి ‘ఇస్కీ’ ప్రమాణము ననుసరించినవి. సజాతీయ వర్ణములు అన్ని లిపులందును ఒకే వరుసలో నిలుచుట వాని పద్ధతి. తమిళ ఴకారము 2996. దానికి 128 కలిపినచో తెలుగు స్థానము 3124 వచ్చును. ళకారము 3123, వకారము 3125 కాగా, ఆధునిక వర్ణమాలలో లేని ఴకారపు స్థానము నడుమ ఖాళీగా నుండెను. 2014 జూన్‌లో వెలువడిన యూనికోడు 7.0లో అది నిండినది. కన్నడమునకు ఈ యక్షరము ముందే దక్కినను, 3252 అను సజాతీయ స్థానమున గాక 3294లో, అదియు ‘ఫ’ యను తప్పు పేరుతో చేరినది. ఒకసారి యిచ్చిన పేరు మార్పరాదను నియమముండుటచే తరువాత సవరణనామము నొకదానిని జోడించిరి.

సంఖ్య లభించినంతమాత్రమున అక్షరము తెరపై కానరాదు. దానికి రూపమిచ్చు ఫాంటు కావలెను. వత్తు రావలెనన్న హల్లునకును ఴకారమునకును నడుమ 3149 అను పొల్లు సంకేతము నుంచవలెను. ఫాంటు లేనిచోట చదువరికి కనబడునది వట్టి గడి మాత్రమే.

సౌకర్యమునకై కొందఱు ఴకారమునకు బదులు ళకారమునో, డకారమునో వ్రాయుదురు. కంప్యూటరు అర్థము నెఱుగదు, సంఖ్యనే యెఱుగును. చోఴ, చోళ, చోడ - ఈ మూడింటి తుది సంఖ్యలు వరుసగా 3124, 3123, 3105. శిలపై ‘చోఴ’ యని యుండగా ‘చోళ’ యని యెక్కించినచో, ఴకారమున్న శాసనములను వెదకు పరిశోధకునికి ఆ శాసనము దొరకనే దొరకదు. వర్ణపరిణామమునకు సాక్ష్యమైన అక్షరము, ఱాతిపై చెక్కుచెదరకయున్నను, పాఠమున నశించును. శిలపై లేనిచోట పాండిత్యముచే ఴకారమును కల్పించుటయు నంతియే దోషము.

కావున శాసనపాఠమును ఎక్కించువారు శిలాక్షరమును ఉన్నదున్నట్లు మూలపాఠమున నిలిపి, ఆధునిక రూపమును వేఱుగా చూపుట కర్తవ్యము. అచ్చులో పొరపాటు పడినచో ఆ ప్రతివఱకే. సంకేతపాఠమున పడినచో దానినుండి పుట్టు ప్రతులన్నింటికిని అది సంక్రమించును. ఖాళీగానున్న స్థానము నిండినది; దానిని సరిగా వాడుట ఇక లేఖకుల బాధ్యత.